బావగారి బంగాళాదుంపలు

బంగాళాదుంపలో సి విటమిన్ ఉంటుందన్న సంగతి మా బావగారి నోట వినీ వినీ నాకు ఆ దుంపంటేనే ఒళ్లు మండుతుంది. ఆయన కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు, అమలాపురంలో కాపురం. అత్తగారు మాత్రం కొత్తపేటలో మా దగ్గరే. పెద్దకొడుకు ప్రేమంతా ఫోన్లోనే.

పోయినేడాది అత్తగారి చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైంది. పులుపు తగిలితే నోరు భగ్గుమనేది. సి విటమిన్ బొత్తిగా లేదు, మెత్తటి జామపండు గుజ్జు చేసి పెట్టమన్నారు డాక్టరు. జామపండంటే ఆవిడకు ప్రాణం. అందుకే కాశీ వెళ్లినప్పుడు దాన్ని వదిలేశారు. ఇష్టమైనదే వదలాలి కదా. వెంట వెళ్లిన బావగారు వదిలింది కాకరకాయ. బుద్ధెరిగాక ఆయన కాకరకాయ ముట్టిన పాపాన పోలేదు.

"కాశీలో వదిలింది వదిలిందే అమ్మాయ్. మళ్లీ నోట్లో పెడితే అమ్మకి పాపం. దుంపల్లోనూ సి ఉంటుంది, పంపుతున్నాను," అన్నారు.

బస్తా వచ్చింది. సగం దుంపలు మొలకలెత్తి, తోలు ముడతలు పడి ఉన్నాయి. మన గోదావరి లంకల్లో కందా పెండలమూ పండుతాయి గాని ఇవెక్కడివని ఫోన్లో అడిగాను. పాఠం మొదలెట్టేశారు.

"రకాన్ని బట్టి ఉంటుందమ్మా. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. నేల, ఎండ, అన్నీ లెక్కే. యూరియా దట్టిస్తే సి తగ్గుతుంది. అప్పుడే తవ్విన దుంపలో అయితే నిండుగా ఉంటుంది."

"మరి ఇవి ఏ రకమండీ?"

"కొట్టువాణ్ణి రకం ఎవరడుగుతారు?"

"తవ్వి ఎన్నాళ్లయిందండీ?"

"కోల్డ్ స్టోరేజీ సరుకే. అయితే ఏం?"

ఆయన పాఠం ఆయన దుంపలకే వర్తించదు కాబోలు. అయినా తొక్కతోనే ఉడికించి పెట్టాను. చిగుళ్లు ఇంకా వాచాయి. ఒకరోజు అన్నం ముద్దలో నెత్తురు చూసుకుని ఆవిడ కంచం పక్కకు తోసేశారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పెరట్లో జామచెట్టు విరగకాసి ఉంది. పండు కోసి, గింజలు వడగట్టి, గిన్నె ఆవిడ ముందు పెట్టాను.

"పాపమేదైనా ఉంటే నాకే చుట్టుకోనివ్వండి అత్తయ్యగారూ. తినండి."

ఆవిడ గుమ్మం వైపు చూశారు. "తలుపెయ్యి. పెద్దాడికి తెలియకూడదు," అన్నారు. తిన్నారు. ఆ తరవాత రోజూ తిన్నారు.

చిగుళ్లు గట్టిపడ్డాయి. బంధువుల గృహప్రవేశంలో బావగారు నలుగురినీ పోగేసి, దుంపలతో అమ్మ జబ్బు కుదిర్చిన వైనం చెప్పుకొస్తున్నారు. మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారే అంటారేమోనని ఆగాను.

"నిజమేనా వదినగారూ?" అని పక్కనున్నావిడ అడిగింది.

"ఆయ్. మా పెద్దాడు పంపిన దుంపలేనండి. ఈ అమ్మాయి ఉడికించి పెట్టేది," అన్నారు అత్తగారు, నా మొహం చూడకుండా.

బావగారి మీద ఇన్నేళ్లుగా ఉన్న కోపం ఆ క్షణాన ఆవిడ మీదికి మళ్లింది. ఇంకా అక్కడే ఉంది.