గడి అంటే మేడ కాదు

"ఆదివారం మా గడికాడ పని ఉండాది, వస్తారా?" అన్నాడు మా ఆఫీసులోని బూదికోట వైపు మిత్రుడు. నాది కరీంనగర్. మాకు గడీ అంటే దొరల మేడ. కెమెరా తుడుచుకుని, బెంగళూరులో ఆరున్నర రైలెక్కి ఎనిమిదిన్నరకు బంగారుపేటలో దిగాను. అక్కడినుంచి బస్సుంది గానీ, తొందరపడి మూడు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. "గడి బాగా పాతదా?" అని అడిగితే డ్రైవరు వింతగా చూశాడు. "యాడైనా పాతదేగదప్పా, రెండూళ్లకు నడుమ ఉండేదేగా!" ఇక్కడ గడి అంటే పొలిమేరట, కన్నడం మాట. నా మేడ ఆటోలోనే కూలిపోయింది.

ఊళ్ల పేర్లు రాయను, ఇప్పుడిప్పుడే సర్దుకున్నారు. పై ఊరు, కింది ఊరు అనుకోండి. రోడ్డు పనిలో ఒక యంత్రం ఆ రెండూళ్ల గడిరాయిని పెకలించి పడేసింది. మళ్లీ ఎక్కడ నాటాలన్నదే గొడవ. పై ఊళ్లో పుట్టి కింది ఊరికి కోడలైన ఆడమనిషి చూపించిన చోటే నాటడం అక్కడి ఆచారమని మిత్రుడు చెప్పాడు. ఆమెకు రెండూళ్లూ తనవే కదా. ఈసారి చూపించాల్సింది మునిరత్నమ్మ. చిక్కేమిటంటే గడికి ఇవతల ఆమె మల్బరీ తోట, అవతల పై ఊరి మేతబీడు. ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి, అంటే ఆఖరిసారి పొర విడిచాయి. ఇక వారంపాటు వాటికి ఎంత ఆకు వేసినా చాలదు.

ఆమె తోట అంచున, రోడ్డు వారనే చూపిస్తుందనుకున్నాను. తిన్నగా తోటలోకి నడిచి, మూడు సాళ్లు లోపల నిలబడింది. "ఈడ తవ్వండి." రెండడుగుల లోతున బొగ్గులు బయటపడ్డాయి. గడిరాయి కింద బొగ్గు పోయడం పాత పద్ధతి. "చెట్లు నాటేనాడే రాయి జరపొద్దని ఈయనకు చెప్పినాను. ఇంగ దాచి ఏం చేసేది?" అంది. ఆమె భర్త తల దించుకున్నాడు. ఆమెను చూస్తే గౌరవం, ఆయన్ని చూస్తే జాలి కలిగాయి.

రాయి నిలిచాక, పై ఊరి పెద్ద అయిన సొంత అన్నను ఆమె అడిగింది. "అన్నా, మీ పక్క ఆకు ఈ వారం కోసుకోనా?" తన చెట్ల ఆకే! ఆయన కొడవలి తీసుకుని తనే కోయడం మొదలుపెట్టాడు. వెనకే ఆమె భర్త కూడా వంగాడు.

కోటలూ గుళ్లూ చాలా చూశాను గానీ, తనకు నష్టమని తెలిసీ హద్దు చూపించిన మనిషిని ఇదే చూడటం. ఒక్క సలహా: తిరుగు బస్సు మూడింటికి, దాన్ని అందుకోవాలంటే ఆకు కోతలో చేయి పెట్టకండి. నేను పెట్టి, ఐదింటి బస్సెక్కాను. సాగనంపడానికి వచ్చిన మునిరత్నమ్మ "మా గడి బాగుండాదా అప్పా?" అంది.

"బాగుందమ్మా," అన్నాను. మేడ సంగతి చెప్పలేదు.