పథ్యం తప్పని వాళ్ళం

ముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. అది దాచిపెట్టి కోపం ఒక్కటే బయటపెడితే చదివేవాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది.

నేను చుక్క ముట్టని మనిషిని. దావతుల్లో సోడా గ్లాసు పట్టుకుని మూల కుర్చీ వెతుక్కునే రకం. అలాంటి నాకే కాలేయం గట్టిపడింది. కొవ్వూ షుగరూ కలిసి చేసిన పని అన్నాడు డాక్టరు. నాకు కొవ్వెక్కువని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది, స్కానింగు మిషనుకు ఇన్నేళ్ళు పట్టింది. నన్ను మెత్తని మనిషి అనేవాళ్ళెవరూ లోపల ఒక అవయవం ఇంత మొండికేస్తోందని అనుకోలేదు. డాక్టరు మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, మాత్రలు మాత్రం మానవద్దన్నాడు. హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం నాది. దుకాణంలో కూర్చునే టైముకు మాత్రలు వేసుకునేవాణ్ని. ఒకరోజు పొద్దున అద్దంలో నా కళ్ళు పచ్చగా కనబడే వరకూ అంతా సవ్యంగానే నడిచింది.

అప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సింది. నేను మా బావ మాట విన్నాను. బావ అంటే మా ఆవిడ అన్న. సాయంత్రమైతే గ్లాసు లేకుండా కూర్చోలేని మనిషి. తాగని నేను, కాలేయం గురించి తాగేవాడి సలహా తీసుకున్నాను. అనుభవం ఉన్నవాడు కదా అనుకున్నానేమో.

"కామెర్లకు ఇంగ్లీషు మందే లేదు బావా," అన్నాడు. "ఏ డాక్టర్నన్న అడుగు, ఇంట్ల కామెర్లొస్తే వాళ్ళు గూడ పసరే తాగుతరు. తొర్రూరు తొవ్వల మందు పోసే మనోడున్నడు. ఐతారం పొద్దుగాల పోదాం. ఫికర్ చేయకు."

ఆదివారం తెల్లవారుతుండగా బావ బండి వెనక కూర్చుని వెళ్ళాను. వాకిట్లో నాలాంటి పచ్చకళ్ళవాళ్ళు వరసగా గొంతుకూర్చున్నారు. ఆ మనిషి ఏదో ఆకు నూరి, పాలల్లో కలిపి, పరగడుపున తాగించాడు. దుకాణంలో ఒక బకెట్ల మూట దించుకోవాలంటే సవాలక్ష ప్రశ్నలు వేసేవాణ్ని, ఆ ఆకు పేరేమిటని కూడా అడగలేదు. పేరు చెబితే గుణం పోతుందట. తరువాత పసుపుకొమ్ము కాల్చి ఎడమ మణికట్టు మీద వాత పెట్టాడు. ఆ పైన పథ్యం చెప్పాడు: ఉప్పు, నూనె, చింతపండు, వంకాయ ముట్టవద్దు. పోపు వాసన పీల్చవద్దు. ఇంగ్లీషు మాత్ర అసలే ముట్టవద్దు, కడుపులో రెండు మందులూ కొట్లాడుకుంటాయి.

నేను మాత్రలన్నీ గల్లాపెట్టె వెనక అరలోకి నెట్టేశాను. పథ్యం మాత్రం నిష్ఠగా చేశాను. ఇంత నిష్ఠగా నేను చదువుకుని ఉంటే ఇప్పుడు బకెట్లు అమ్ముకుంటూ ఉండేవాణ్ని కాదు.

చెప్పులు బిగుతయ్యాయి. తరువాత ప్యాంట్లు. తరువాత కడుపు కుండలా ఉబ్బింది. ఒక మధ్యాహ్నం దుకాణంలో బిందెల మధ్య కూలబడిపోయాను, నాతోపాటు ఒక వరస బిందెలు కూడా. దవాఖానలో సూది గుచ్చి కడుపులోంచి నీళ్ళు తీశారు. డాక్టరు అడిగింది ఒక్కటే: "మాత్రలు ఎందుకు ఆపిండ్రు?" నేను నీళ్ళు నమిలాను. అప్పటికే కడుపు నిండా ఉన్నవి చాలవన్నట్టు.

మర్నాడు బావ యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చాడు. మంచం చుట్టూ నలుగురైదుగురు చుట్టాలున్నారు. ఎవరో, పసరు పోయించారు కదా, ఎందుకిలా అయింది అని అడిగారు.

"పత్యం తప్పిండు," అన్నాడు బావ, నా కాళ్ళ దగ్గర నిలబడి. "గంతే. లేకుంటే ఆ మందు ఫేలైన కేసే లేదు."

"నేను తప్పలేదు బావా," అన్నాను.

"అందరు గట్లనే అంటరు తీ బావా. పండుకో."

తరువాత వరండాలోకి వెళ్ళి, గొంతు తగ్గించాననుకుని అన్నాడు: "ఒక్క పత్యమేనా, ఏమో. లివరు ఊకెనే పోతదా? దుకాణం బందు చేసినంక ఏం చేస్తాండో ఎవలకెరుక."

కిటికీ తెరిచే ఉంది. మా ఆవిడ నాకు నారింజ తొనలు ఒలిచి పెడుతోంది. చేతులు ఆగిపోయాయి. బావ వెళ్ళిపోయాక, "బయటికి పోయి మా అన్నను అడగాల్సింది. అడగలేకపోయిన," అంది. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటుంది.

అసలు సిగ్గు పడాల్సింది ఇంకొకటుంది. బావ అన్నదాంట్లో సగం నేను నమ్మాను. మంచం మీద పడుకుని, ఎప్పుడు తప్పానా అని వెతుక్కున్నాను. దుకాణం పక్కన మిర్చీ బజ్జీల బండి ఉంది. సాయంత్రమైతే ఆ వాసన లోపలికి కొడుతుంది. ముక్కు మూసుకున్నాను కానీ, ఎంతసేపని మూసుకుంటాను? అదే అయి ఉంటుందనుకున్నాను. బజ్జీల వాసన పీల్చి చావుదాకా వెళ్ళిన మనిషిని అనుకుంటూ నా మీద నేనే పళ్ళు కొరుక్కున్నాను.

దవాఖాన నుంచి ఇంటికొచ్చేలోపు ఆ మాట మాకంటే ముందే మా వీధికి చేరింది. గరిటె కోసం వచ్చినవాళ్ళు కూడా నా మొహం చూసి, "పత్యం చేయాలె గద సేటూ," అనేవారు. మరికొందరు ఏమీ అనకుండా నా నోటి దగ్గర గాలి పీల్చి చూసేవారు. నాకున్న ఆస్తి దుకాణమూ మంచిపేరూ. ఆ రెండోదాన్ని బావ ఒక్క ముక్కతో తూకానికి వేసేశాడు.

సోమవారాల్లో లివరు ఓపీ. డాక్టరు గది బయట పొడుగాటి బల్ల ఉంటుంది. దాని మీద నా పక్కన ఒక ఆటో డ్రైవరు కూర్చున్నాడు, రఘునాథపల్లి మనిషి, నాకంటే చిన్నవాడు. నా చేతివైపు చూస్తూ తన చొక్కా చెయ్యి పైకి లాగాడు. ఎడమ మణికట్టు మీద అదే గుండ్రటి మచ్చ.

"అన్నా, మనది ఒక్కటే బడా ఏంది?"

అవతలి పక్క పెద్దమనిషి ఒకామె కూర్చుని ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఊరు, పత్తి ఏరడానికి పోయే మనిషి. ఆమె రెండు చేతులూ చాపింది. "నాకు రెండిటికి పెట్టిండు తమ్మీ. ముదిరిందన్నడు."

"మరి పత్యం ఎట్ల తప్పినవ్ అక్కా?" అన్నాడు డ్రైవరు, ఏ తరగతిలో తప్పావని అడిగినట్టు.

అక్క వేలితో నాలుక కొస చూపించింది. "కోడలు కూర చేసి, ఉప్పు సరిపోయిందో సూడమన్నది. నాలిక కొసకు తాకిచ్చి ఉమ్మేసిన. గదే అయ్యుంటదనుకున్న. ఇన్ని దినాలు గదే అనుకుంటున్న."

"నా ఆటోల ఒకామె చేపల గంప పెట్టింది," అన్నాడు డ్రైవరు. "గా వాసన."

"నాది మిర్చీ బజ్జీల వాసన," అన్నాను నేను.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు అక్కకు నవ్వొచ్చింది. తరువాత మా ఇద్దరికీ. నాకు నవ్వితే కడుపు నొప్పి, అయినా ఆగలేదు. నర్సమ్మ తలుపు తీసి, ఇది దవాఖాన అని గుర్తు చేసింది.

నవ్వు తగ్గాక అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఇంట్ల నాతోని సరిగ మాట్లాడరు తమ్మీ. అంత దూరం తీస్కపోయి మందు పోయిస్తే పత్యం చేయలేదంటరు. నా మనుమన్ని ఎత్తుకోనిస్తలేరు."

చుక్క ముట్టని నా నోటి దగ్గర జనం వాసన చూస్తున్న సంగతి నేనూ చెప్పాను.

"నేను తాగిన అన్నా," అన్నాడు డ్రైవరు నాతో. "బరాబర్ తాగిన. ఇప్పుడు ముడుతలేను. నన్నెవ్వలు అడుగరు, అందరికెరుకే గద. తాగని నిన్ను అడుగుతాండ్రు సూడు, నీదే పెద్ద కష్టం."

అప్పటిదాకా నా మీదే ఉన్న కోపం ఆ బల్ల మీద చిరునామా మార్చుకుంది. ఆ పథ్యం ఎంత పకడ్బందీగా తయారైందో చూడండి. రోగం తగ్గితే పసరు గొప్పది. తగ్గకపోతే రోగి చెడ్డవాడు. పోపు వాసన పీల్చకుండా ఏ ఇంట్లో మనిషి బతకగలడు? తప్పకుండా ఉండటానికి వీల్లేని నియమం పెట్టి, తప్పావని అంటారు. మంచాన పడ్డవాడికి నొప్పి చాలదని నేరం కూడా తగిలిస్తారు. ఆ నేరాన్ని వాడే ఒప్పుకుని, ఏ రోజు చేశానా అని తనలో తాను వెతుక్కుంటాడు. అక్క తన నాలుక కొసను ఇన్నాళ్ళుగా తిట్టుకుంటోంది. దీనికి వాత పెట్టాల్సింది ఎవరికి?

రోషం లేనివాణ్ని చూసి, ఉప్పూ కారం తింటలేవా అని అడుగుతారు. నేను నిజంగానే ఉప్పు తినడం లేదు. అయినా రోషం ఏమాత్రం తగ్గలేదు.

అప్పటినుంచి ముగ్గురం ఒకే సోమవారం వస్తున్నాం. ముందొచ్చినవాళ్ళు మిగతా ఇద్దరికీ టోకెన్ తీస్తారు. దుకాణం నుంచి ఒకే రకం డబ్బాలు మూడు తెచ్చాను. బల్ల మీదే మూతలు తీసి ఉప్పులేని అన్నాలు పంచుకుంటాం. నిమ్మరసం పిండి, వేయించిన జీలకర్ర పొడి చల్లితే నాలుకను కాసేపు మోసం చేయవచ్చని అక్క నేర్పింది. సాయంత్రాలు ఫోన్లు చేసుకుంటాం. "తిన్నవా? మాత్రలేసుకున్నవా?" అంతే సంభాషణ. ప్రేమలేఖల్లో కూడా ఇంతకు మించి ఏముంటుంది?

ఒక సాయంత్రం అక్క ఫోన్ చేస్తే, పత్తి బకెట్లలో పోసి పంపావా అని అడిగానట. నాకు గుర్తు లేదు. అక్క నా ఫోన్ పెట్టేసి మా ఆవిడకు చేసింది. "తమ్ముడు తేడాగ మాట్లాడుతాండు బిడ్డా, లేట్ చేయకు." డ్రైవరు ఆటో తెచ్చి, నన్ను ఎత్తుకున్నట్టుగా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. ఈ జబ్బులో విషం తలకెక్కుతుందట, తొందరగా తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నాడు డాక్టరు. బావ ఆ మర్నాడు ఫోన్ చేశాడు. "మల్లేం తిన్నడు?" అని మా ఆవిడను అడిగాడు. ఈసారి ఆమె ఫోన్ కట్ చేసింది.

తరువాత కొన్నాళ్ళకు బావ దుకాణానికే వచ్చాడు. మనుమడి పుట్టువెంట్రుకల దావతు పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకు చేతిలో పెట్టడానికి స్టీలు గ్లాసులు కావాలి, వాటి మీద పిల్లవాడి పేరూ సందర్భమూ చెక్కాలి. అది మా దుకాణంలో మామూలు పనే. మిషను సూదితో నేనే చెక్కుతాను. అది సోమవారం. ఓపీ అయిపోయి అక్కా డ్రైవరూ లోపల స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. గిన్నెలు చూస్తున్న భార్యాభర్తలు ఒక జంట ఉన్నారు. ఆ భర్త నన్ను చూసి, సన్నబడ్డావేంటి సేటూ అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "పత్యం తప్పిండు. మంచి మందు పోయిస్తి, కాపాడుకోలే."

నా దుకాణంలో, నా కుర్చీలో కూర్చుని, నేను తెప్పించిన చాయ్ తాగుతూ అన్నాడు. నేను ఆర్డరు రాసుకున్నాను. బావ వెళ్ళిపోయాక అక్క అడిగింది, "గీయిననేనా?"

"ఈయనే."

"మరి ఏమనకపోతివి."

"గ్లాసులు చెక్కాలి కదక్కా," అన్నాను.

గ్లాసుల మీద పిల్లవాడి పేరు, శుభసందర్భం, బావ చెప్పినట్టే అందంగా చెక్కాను. ఆ తరువాత ఒక్కొక్క గ్లాసునూ బోర్లించి, అడుగున ఇంకొక్క ముక్క చెక్కాను. సూది టర్రుమంటుంటే అక్క ఒక్కొక్కటీ తుడిచి డబ్బాలో పెట్టింది. ఆమెకు చదవడం రాదు.

"కింద ఏం రాస్తానవ్ తమ్మీ?"

"పథ్యం తప్పలేదు అని."

అక్క చేతిలో గ్లాసు తిప్పి, ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. "నాకొకటి ఇయ్యి. మా ఇంట్ల పెట్టుకుంట. కోడలికి సదువొస్తది."

డ్రైవరు కూడా ఒకటి జేబులో వేసుకున్నాడు.

దావతు రోజు షామియానా కింద ఎదురెదురు వరసల్లో కుర్చీలు వేశారు. మాలో పెద్దల ముందు మందు తాగాలంటే స్టీలు గ్లాసులో పోసుకుంటారు. లోపల ఏముందో పెద్దలకు కనబడదు, కనబడనట్టు వాళ్ళూ ఊరుకుంటారు. అందరి మర్యాదా దక్కుతుంది. బావ కొత్త గ్లాసుల్లోంచి ఒకటి తీసి ముందు తనే నింపుకున్నాడు. నేను ఎదురు వరస చివర నా ఉప్పులేని డబ్బా తెరుచుకుని కూర్చున్నాను.

బావ గ్లాసు ఎత్తాడు. ఎదురుగా ఆయన మామ కూర్చుని ఉన్నాడు, అందరికంటే పెద్దాయన. కళ్ళద్దాలు సర్దుకుని గ్లాసు అడుగువైపే చూశాడు.

"అల్లుడా, నీ గ్లాసు కింద ఏదో రాసుంది. పథ్యం... తప్పలేదు. ఏంది పథ్యం?"

వరసంతా తలలు తిప్పింది. పక్కవాళ్ళు తమ గ్లాసులు పైకెత్తి చూసుకున్నారు. "నా దాని కింద గూడ ఉన్నది," అన్నారు ఎవరో. బావకు అర్థం కాలేదు. ఏం రాసుందో చూద్దామని చేతిలో ఉన్న నిండు గ్లాసును అలాగే తిప్పాడు.

మొత్తం ఆయన తెల్లచొక్కా మీద పడింది. గుప్పుమని వాసన షామియానా అంతా పరుచుకుంది. మామ ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకున్నాడు.

బావ తడిచొక్కాతో నావైపు చూశాడు. "గిది ఎవడు రాసిండు?"

"నేనే బావా," అన్నాను, నిమ్మరసం కలిపిన అన్నం ముద్ద చేసుకుంటూ. "వాసనైతే ఇప్పుడు పీల్చిన. పత్యం మాత్రం అప్పుడు తప్పలే."