సుగుణ మేడం పిట్టల పుస్తకం

ఇవాళ పొద్దున మా పెరట్లో కంసాలిపిట్ట టుక్కు టుక్కుమని మొదలుపెట్టింది. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా కదలబుద్ధి కాలేదు. సుగుణ మేడం నాకు మొట్టమొదట చూపించిన పిట్ట అదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో చర్ల దగ్గర ఒక బడిలో నాకు తొలి ఉద్యోగం వచ్చింది. అడవిని చూసి బెంబేలెత్తిన నన్ను అక్కడి సైన్సు టీచరు సుగుణ మేడం తన వెంట తిప్పుకున్నారు. ఆదివారం వస్తే ఆమె మెడలో బైనాక్యులర్, సంచిలో పాలిథిన్ కవరు చుట్టిన పిట్టల బొమ్మల పుస్తకం. హైదరాబాదు నుంచి తెప్పించుకున్న ఆ పుస్తకమంటే ఆమెకు ప్రాణం. దాన్ని తెరవడానికి మాత్రం ఒక షరతు ఉండేది. "పిట్ట కొమ్మ మీదున్నంతసేపు బుక్కు ముట్టొద్దు. బుక్కు ఏడికి పోదు, పిట్ట పోతది" అనేవారు. పేజీలు తిప్పుతూనే సగం పిట్టల్ని పోగొట్టుకున్న ఘనురాలిని కాబట్టి ఆ మాట నాకే ఎక్కువ తగిలేది.

ఒక ఆదివారం బాట మీద పోలీసు క్యాంపు హెడ్ కానిస్టేబుల్ మమ్మల్ని ఆపాడు. నక్సలైట్ల కోసం గాలించే ఆ అడవిలో బైనాక్యులర్‌తో తిరిగేవాళ్లను ఆపకపోతేనే ఆశ్చర్యం. "ఏం చూస్తున్రు మేడం? ఇవన్ని గిక్కడ పెట్టి పోండ్రి, మా సార్ చూస్తడు" అన్నాడు. క్యాంపులోకి పోయిన పుస్తకం తిరిగొస్తుందన్న ఆశ నాకు లేదు. మేడం మాత్రం గొంతు తగ్గించి, "జర ఆగుండ్రి. అగో, ఆ మద్దిచెట్టు మీద. ముందుగాల మీరు చూడుండ్రి" అంటూ బైనాక్యులర్ అతని చేతికే ఇచ్చారు.

చెట్టు మీద భీమరాజు కూర్చుంది. నల్లటి పిట్ట, తోక నుంచి రెండు సన్నటి తీగలు, వాటి చివర చిన్న ఆకుల్లాంటి ఈకలు. అది ఎగిరిపోయేదాకా అతను కళ్లు పక్కకు తిప్పలేదు. ఆ తర్వాత, "ఇది బుక్కుల ఉన్నదా?" అని అడిగాడు. మేడం ఆ పేజీ తీసి చూపించారు. అతను ఇంకో పేజీ తిప్పాడు, మరొకటి తిప్పాడు. చివరికి కొంచెం మొహమాటంగా, "క్యాంపుల పొద్దు పోదు మేడం. దుర్బిన్ మీరే తీస్కపోండ్రి. బుక్కు ఒక వారం ఇస్తరా?" అన్నాడు.

వద్దనమని నేను కళ్లతోనే బతిమాలాను. మేడం పుస్తకాన్ని ఒకసారి నిమిరి, "అవ్, ఉంచుకోండ్రి. తడవకుంట చూడుండ్రి" అని ఇచ్చేశారు.

"ఎందుకిచ్చారు మేడం?" దారిలో కోపంగానే అడిగాను.

"పిట్టను చూసి బుక్కు అడిగిండు. అసొంటోనికి ఇయ్యకుంటె ఇంకెవలికి ఇస్త బిడ్డా?"

వారం దాటింది, నెల దాటింది. మేడం పైకి నవ్వుతున్నా, ఆదివారాలు ఆమె చెయ్యి ఖాళీ సంచిలోకి వెళ్లడం నేను చూశాను. నాకు ఏడుపొచ్చేది. ఆఖరికి ఒక రోజు పుస్తకం బడికి వచ్చింది. అంచులు నలిగి, కొంగల పేజీ నిండా మామిడికాయ పచ్చడి మరకలు. మేడం ఆ మరకలు చూసి మురిసిపోయారు. "చూసినవా, అన్నం తినుకుంట గూడ చదివిన్రు" అన్నారు.

ఇష్టపడి కొనుక్కున్న నా పిట్టల పుస్తకం ఇప్పుడు పినపాకలో ఎవరింట్లోనో ఉంది. ఇచ్చి చాలా కాలమైంది, అడగలేదు. శుభ్రంగా తిరిగొస్తుందేమోనన్నదే నా భయమంతా.