చిన్నాయన నిలబడిన లైను

నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా పౌరశాస్త్రం చెబుతున్నాను. పిల్లలకు నిద్ర తెప్పించే సబ్జెక్టు. వాళ్లను మేలుకొలపడానికి నేను సొంతంగా ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. ప్రభుత్వం రాజధానిలో పుట్టదు, ముక్కూ మొహం తెలియని మనిషి వెనక ఇంకొకడు తోసుకోకుండా నిలబడిన చోట పుడుతుంది అని చెప్పేవాణ్ణి. "లైను చెడిందా, రాజ్యం చెడినట్టే!" అని బల్ల మీద గుద్దేవాణ్ణి కూడా. వెనక బెంచీ వాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వనీ, నేను దాన్ని మనసారా నమ్మాను.

మా వైపు ఏ ఆఫీసుకు పోవాలన్నా ముందు కాగితాలు వెతుక్కోరు, మనిషిని వెతుక్కుంటారు. "ఆడ మనోడు ఎవురుండాడు?" అనేదే మొదటి ప్రశ్న. మనోడు దొరికితే పని సగం అయినట్టే. దొరకనివాడు పొద్దుగూకేదాకా నిలబడాలి. ఇందులో తప్పుందని ఎవరికీ అనిపించదు. నాకు మాత్రం అది చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఇంట్లో ఎవరి పనికీ నేను ఎవరికీ ఒక మాట చెప్పలేదు. అందుకే బంధువుల్లో నాకు తిక్కోడు అని పేరు.

తిక్కోడు అనని మనిషి ఒక్కడే, మా చిన్నాయన. మా నాయన నా చిన్నప్పుడే పోతే నన్ను సాకి చదివించింది ఆయనే. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఒకప్పుడు ఉలీ సుత్తీ మాత్రమే. తర్వాత కటింగ్ మిషన్లు వచ్చి పని త్వరగా సాగింది, దుమ్ము మాత్రం పదింతలైంది. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. మూతికి తువ్వాలు కట్టుకునేవాడు కానీ, విగ్రహం మొహం దగ్గరికి వచ్చేసరికి విప్పేసేవాడు. కళ్లలో, పెదవుల సందుల్లో చేరిన పొడిని నోటితోనే ఊదేవాడు. బ్రష్షు కొనిచ్చాను, ముట్టుకోలేదు. గుడ్డ ఎందుకు విప్పుతావంటే, "మూతికి గుడ్డ కట్టుకొని దేవుని మొగంలోకి సూస్తారంట్రా?" అని నన్నే తిట్టాడు. అలా ముప్పై ఐదేళ్లు ఊదాడు. ఊదిన ప్రతిసారీ మళ్లీ గాలి పీల్చుకోవాలి కదా, ఆ సంగతి ఆయనా ఆలోచించలేదు, చదువుకున్న నేనూ ఆలోచించలేదు.

రెండేళ్ల కిందట దగ్గు మొదలైంది. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయేవాడు. ఊపిరితిత్తుల డాక్టరు నంద్యాలకు గురువారం మాత్రమే వచ్చేవాడు. పొద్దున టోకెన్లు ఇస్తారు, మధ్యాహ్నం రెండింటిదాకా చూస్తాడు, మిగిలినవాళ్లు మళ్లీ వారం రావాలి. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. తప్పు దానిది కాదు.

మొదటి గురువారం ఆళ్లగడ్డ బస్సు ఆలస్యమై మాకు చివరి టోకెన్లలో ఒకటి దక్కింది. టోకెన్లు రాసే ఉద్యోగి నా దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూసి లేచి పరుగున వచ్చాడు.

"మీరేంది సార్ ఈడ కూచున్యారు? రాండి, నేరుగా లోపలికి పంపిస్తా."

చిన్నాయన గోడ పట్టుకుని లేవబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టి ఆపాను. "వద్దులేప్పా. వీళ్లంతా మాకన్నా ముందొచ్చినారు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, పక్కనున్నవాళ్లకు వినపడేట్టు. చిన్నాయన నా మొహంలోకి చూసి "సరేలే" అని కూర్చున్నాడు. రెండింటికి డాక్టరు లేచిపోయాడు. మా ముందు ఇంకా నలుగురు ఉన్నారు. మరునాడు క్లాసులో ఈ సంగతి, ఎవరని చెప్పకుండా, ఉదాహరణగా చెప్పాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా గర్వంగా ఉండింది.

రెండో వారం ముందురోజే చిన్నాయనను మా ఇంటికి పిలిపించుకుని, తెల్లవారగానే పోయి ఐదో టోకెను తీసుకున్నాను. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కాలేజీలో సంతకం పెట్టి రావడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు, చేతిలో ముప్పై రెండో టోకెను.

సున్నిపెంట వైపు అడవి నుంచి చెంచు దంపతులు ఎవరో వచ్చారట. ఆమె ఒళ్లో పసిబిడ్డ ఎగశ్వాస తీస్తోందట. వాళ్లకు మనోడు అని చెప్పుకోవడానికి ఆ ఊళ్లో ఎవరూ లేరు. చిన్నాయన తన టోకెను వాళ్లకిచ్చి వాళ్లది తీసుకున్నాడు. ఆ రోజు డాక్టరుకు ఏదో అత్యవసరం వచ్చి పన్నెండింటికే వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ అరిచేశాను. "నీకేమన్నా పిచ్చా? లైను అంటే లైనే కదా! ఎవరి టోకెను వాళ్లకుంటాది!"

ఆయన దగ్గు ఆగేదాకా ఆగి, నిదానంగా అన్నాడు. "ముందర పోగూడదని నువ్వే చెప్తివి. పోల్యా. ఎనక్కి పోతే తప్పేందిరా?"

ముందుకు తోసుకునేవాళ్లను ఎలా ఆపాలో నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. తనంతట తాను వెనక్కి జరిగేవాడి గురించి ఏ పాఠంలోనూ చెప్పలేదు. నా లైనులో తోపులాట లేదు నిజమే, కానీ పక్కవాడి బిడ్డ ఎలా ఊపిరి తీస్తోందో చూసే పనీ లేదు. ఆయన చూశాడు. బస్సులో కిటికీకి తల ఆనించుకుని ఆయన ఆళ్లగడ్డకు పోతుంటే, ఇదంతా ఆలోచించకుండా నేను ఇంకా కోపంగానే ఉన్నాను. సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేదు.

మూడో గురువారం రాలేదు ఆయనకు. మంగళవారం మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ ఒక పక్కకు ఒరిగిపోయాడని చిన్నమ్మ ఫోన్ చేసింది.

దినాలయ్యాక ఒక గురువారం నేను ఒక్కణ్ణే పోయి, టోకెను తీసుకుని, నా వంతు వచ్చాక ఆయన పనీ, దగ్గూ, ఆయాసమూ అంతా చెప్పి డాక్టరును అడిగాను. "రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ముదిరిపోయింటుందండీ. ముందొచ్చినా బాగు చేయలేం. ఆయాసం కొంచెం తగ్గించి ఉండేవాళ్లం" అన్నాడు. ఆ 'కొంచెం' దగ్గర నా గుండె పగిలింది. చివరి రెండు వారాలూ ఆయన పడుకోలేక గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ఆ కొంచెమే కదా నేను ఇప్పించలేకపోయింది.

ఆయన పనిచేసిన చోట తోటి శిల్పులు ఇంకో మాట చెప్పారు. మొదటి గురువారం తర్వాత ఆయన అందరితో గొప్పగా చెప్పుకున్నాడట. "మావోడు నన్ను గూడా లైన్లోనే కూచోబెట్నాడప్పా. సొంత చిన్నాయన అని సూడల్యా. అట్లుండల్ల మనిషంటే!" అది విని ఆ రాళ్ల మధ్యే కూర్చుని ఏడ్చాను. తిట్టి ఉన్నా బాగుండేది. ఎవరేమన్నా, నేను మాట తప్పని మనిషినని అప్పుడు నన్ను నేను ఓదార్చుకున్నాను.

ఈ ఏడాది శనగ నూర్పిళ్ల కాలంలో మా పాపకు పిల్లికూతలు పట్టుకున్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. గురువారమే. చెప్పులు వేసుకోకముందే నేను ఫోను తీశాను. టోకెన్లు రాసే నా శిష్యుడి నంబరు వెతకాల్సిన పని కూడా లేకపోయింది, వేలు దానంతటదే పోయింది. "వస్తాండా, పాపకు బాగల్యా, నేరుగా పంపించు" అన్నాను. "రాండి సార్" అన్నాడు.

చిన్నాయన పోయినప్పటి నుంచి చిన్నమ్మ మా దగ్గరే ఉంటోంది. పాపను ఆమే ఎత్తుకుంది. వరండాలో బెంచీల నిండా మనుషులు. ఎవరి మొహమూ చూడకుండా వాళ్లను దాటుకుని పోయాను. చూసి ఉంటే ఏ పసిబిడ్డ ఎలా ఊపిరి తీస్తోందో కనపడేదేమో. పది నిమిషాల్లో డాక్టరు చూశాడు, మందు పీల్పించాడు, పాప తేరుకుని నీళ్లడిగింది.

బయటికొచ్చాక చిన్నమ్మ పాప ముఖం కొంగుతో తుడిచి, వరండా వైపు ఒకసారి తిరిగి చూసింది. నన్ను ఎత్తిపొడవాలని కాదు, ఆ మనిషికి ఎత్తిపొడవడం రాదు. నిజంగా తెలియకే అడిగింది.

"ఇట్ల గూడా పోవచ్చునా, నాయనా?"