కొండి తీసిన పోర్చుగల్ నాణెం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జగిత్యాల జిల్లా మేడిపల్లి తహసీల్దారు కార్యాలయానికి పంపించారు. అప్పటికి నేను పురావస్తు శాఖ నాణేల విభాగంలో సాంకేతిక సహాయకురాలిని. హోదా చిన్నదే. కానీ పాత నాణెం ఎక్కడ బయటపడినా అదేమిటో రాసి సంతకం పెట్టాల్సిన పని మాది. భూమిలో దొరికిన నిధి అయితే చట్టప్రకారం ప్రభుత్వానికి అప్పగించాలి. ఇంట్లో తరతరాలుగా వస్తున్న నగ అయితే యజమానికి తిరిగి ఇచ్చేయాలి. రెండింటిలో ఏదన్నది తేల్చేది ఆర్డీఓ. నాణెం ఏం చెబుతోందో ఆయనకు చెప్పేది మేము.

లక్క ముద్ర వేసిన గుడ్డసంచిలో రెండు బంగారు నాణేలున్నాయి. రెండింటి మీదా విగ్గు పెట్టుకున్న రాజుల తలలు. పంచనామాలో మాత్రం ‘విక్టోరియా రాణి బిళ్లలు’ అని రాశారు. పెద్దది స్పెయిన్ రాజుది, మెక్సికోలో ముద్రించినది. చిన్నది పోర్చుగల్ రాజుది, బ్రెజిల్‌లో ముద్రించినది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇలాంటివి ఓడల్లో మన రేవులకు చేరేవి. చాలావరకు కరిగిపోయాయి. మిగిలినవి మెడల్లోకి వెళ్లాయి. ఏ దేశపు రాజు బొమ్మ ఉన్నా మన పల్లెల్లో వాటికి ఒకటే పేరు, పుతలీలు.

వాటిని తనవని చెబుతున్న రెహానా బేగం కోరుట్లలో బట్టలు కుడుతుంది. మేడిపల్లిలో కూలిపోయిన తల్లి ఇంటిని మళ్లీ కట్టించడానికి వాటిని అమ్మకానికి పెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటికి పునాది తవ్వుతున్నారు. బంగారం పునాదిలో దొరికిందని ఊరు తీర్మానించుకుంది. ఎవరో ఫిర్యాదు చేశారు. నాణేలు శుభ్రం చేయించడానికి ఇచ్చిన కంసాలి దుకాణం నుంచే పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు.

“మా నానీ, గదే మా అమ్మమ్మ, మెడల ఉండె మేడమ్,” అంది రెహానా. “చిన్నప్పుడు ఆమె ఒళ్లె పండుకుంటె గీ బిళ్లలు నా చెంపకు ఒత్తుకునేటియి. లేశినంక అందరు నా మొఖం జూశి నవ్వెటోళ్లు.”

భూతద్దం కింద స్పెయిన్ నాణెం ఆమె మాటనే చెప్పింది. దారం దూర్చుకోవడానికి రాజు తలపైన చిన్న కొండి అతికి ఉంది. బట్టకు రాసుకుని వెనకవైపు బాగా అరిగింది. అక్షరాల సందుల్లో మట్టి లేదు, నూనె జిడ్డు ఉంది. భూమిలో ఉన్న నాణెం ఇలా ఉండదు.

పోర్చుగల్ నాణేనికి కొండి లేదు. కంసాలి అప్పటికే దీన్ని కుంకుడు నీళ్లతో తోమడం వల్ల మురికీ లేదు. అంచు చుట్టూ ఉండే ఆకుల వరస ఒకచోట తెగిపోయి, అక్కడ ఆకురాయి పెట్టిన గుర్తు, దాని కింద పాలిపోయిన టంకం మరక ఉన్నాయి. ఏదో అతికి తీశారని అది చెబుతుంది. ఎప్పుడు అతికారో చెప్పదు.

“దానికి గూడ కొండి ఉండె. జగిత్యాల డాక్టర్ సాబ్ తీపియ్యమన్నడు, అట్లయితెనే కొంటనన్నడు,” అంది రెహానా. కంసాలి కేసుకు భయపడి, తోమడం తప్ప తానేమీ చేయలేదన్నాడు.

ఆ డాక్టరు గంగాధర్ నాకు తెలిసినవాడే. పిల్లల వైద్యుడిగా పనిచేస్తూనే స్పెయిన్, పోర్చుగల్ బంగారు నాణేలు సేకరించేవాడు. నాణేల సేకర్తల దృష్టిలో కొండి అతికిన నాణెం పాడైన సరుకు. అందుకే కొందరు కొండి తీయించి, ఆ గుర్తు నున్నగా చేయిస్తారు. ఈ నాణేలను తానెప్పుడూ చూడలేదని ఆయన అప్పటికే పోలీసులకు చెప్పి ఉన్నాడు. విచారణ కోసం మేడిపల్లి వచ్చిన ఆర్డీఓకు ఆ సంగతి తెలియదు. జిల్లాలో నాణేలు తెలిసిన మనిషి ఆయనొక్కడే కదా అని, రెండో అభిప్రాయం కోసం ఆయననే పిలిపించాడు.

డాక్టరు వచ్చి కూర్చున్నాడు. నాణేలు చేతిలోకి తీసుకుని రాజుల గురించి, ముద్రణశాలల గురించి చక్కగా వివరించాడు. ఆర్డీఓ శ్రద్ధగా రాసుకున్నాడు. గోడ పక్కన నిలబడ్డ రెహానా అప్పుడు మాట్లాడింది.

“డాక్టర్ సాబ్, మా పిల్లలకు జరమొస్తే మీ తానకే తెచ్చేది. మీరు ఏం జెప్తే గదే చేసిన. గీ బిళ్లల సంగతి గూడ మీరే చెప్పున్రి.”

ఆయన పోర్చుగల్ నాణేన్ని బల్లమీద పెట్టాడు.

“రెండిటికీ కొండ్లు ఉండె సార్. నేను చూసిన. దీని కొండి తీపియ్యమన్నది నేనే. పోలీసోళ్లకు చూడలేదని అబద్ధం చెప్పిన,” అన్నాడు.

ఇది వాంగ్మూలంగా రాసుకుంటే మీకే ఇబ్బంది అని ఆర్డీఓ హెచ్చరించాడు. “రాసుకోండి,” అని డాక్టరు సంతకం పెట్టాడు. నా నివేదికకు ఆ వాంగ్మూలం జతచేసి, రెండూ వాడిన నగలేనని తేల్చారు. నాణేలు రెహానాకు తిరిగి వచ్చాయి. ఆమె ఇక వాటిని అమ్మలేదు. తల్లి ఇంటిని ఒక గది తగ్గించి కట్టించింది.

పోలీసులకు అబద్ధం చెప్పినందుకు డాక్టరు సేకరణ మొత్తాన్నీ తనిఖీకి పెట్టారు. ఆ పనికీ నన్నే వేశారు. ప్రతి నాణెం ఎవరి దగ్గర కొన్నాడో ఆయన చెప్పగలిగాడు. చట్టపరంగా తప్పేమీ దొరకలేదు. అయితే చాలా నాణేల అంచుల మీద అదే పాలిపోయిన టంకం కనిపించింది. అవి అంతకుముందు ఎవరి మెడల్లో ఉండేవని అడిగాను. తెలియదన్నాడు. ఎప్పుడూ అడగలేదని కూడా అన్నాడు.

మా శాఖలో నాణెం స్థితి రాసేటప్పుడు ‘పాడైనది’ అని ఒక మాట వాడే అలవాటుంది. అది సేకర్తల నుంచి మాకు వచ్చిన మాట. ఆ కేసు తర్వాత, రిటైరయ్యేదాకా నేను దాన్ని వాడలేదు. ‘కొండి అతికినది’ అనో, ‘కొండి తీసినది’ అనో మాత్రమే రాశాను.