కూపన్ బియ్యం

నా చిన్నప్పుడు లోకంలోకెల్లా గొప్ప చోటు ఏదని ఎవరైనా అడిగితే, కువైట్‌లోని ఫింటాస్‌లో మా ఇంటి ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్ అనే చెప్పేదాన్ని. మా నాన్న అందులో సూపర్‌వైజరు. అమ్మ ఆసుపత్రిలో నర్సు కావడం వల్ల, ఆమె డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో పక్కింటి అక్కే నాకు జడ వేసి బడికి పంపేది. అక్కది రాయచోటి వైపు. అదే సూపర్‌మార్కెట్‌లో, వెనక ఉన్న చల్లగదిలో కూరగాయలు ప్యాక్ చేసేది. బయట ఎండ మండిపోతున్నా ఆమె వేళ్ళు మాత్రం చలికి పగిలి ఉండేవి.

ఆ ఏడు రంజాన్ నెలలో షాపు గుమ్మం దగ్గర ఒక పెట్టె పెట్టారు. వచ్చినవాళ్ళు అందులో డబ్బు వేస్తే, తక్కువ జీతాల పనివాళ్ళకు సరుకుల కూపన్లు ఇస్తారు. అవి ఆ షాపులోనే చెల్లుతాయి. షాపువాళ్ళు తమ దగ్గర పనిచేసేవాళ్ళ పేర్లే ముందుగా ఇచ్చారు. ఆ జాబితా రాసింది మా నాన్నే. నెలాఖరు సభలో కృతజ్ఞతలు చెప్పడానికి ఒక పిల్ల కావాలంటే నా పేరు ఇచ్చిందీ ఆయనే. షాపు యజమానులు ఎంత దయగలవాళ్ళో హిందీలో నాలుగు వాక్యాలు, చివర అరబ్బీలో ఒక షుక్రన్. వారం రోజులు అద్దం ముందు నిలబడి అదే చదివాను.

ఒక సాయంత్రం అక్కకు కూడా వినిపించాను. ఆమె మెచ్చుకోలేదు. సరుకులు తెచ్చుకోవాలి రమ్మని చేయి పట్టుకుని షాపుకు తీసుకెళ్ళింది. కూపన్ ఇచ్చి బియ్యం, పప్పు, నూనె తీసుకుంది. బయటికొచ్చాక మెట్ల మీద సంచి దించింది.

“ఈ కూపన్ దుడ్లు ఎవురివి పాపా?”

పెట్టెలో వేసినవాళ్ళవి అన్నాను.

“ఇప్పుడు యాడికి పోయినాయి?”

షాపులోకే అన్నాను. అంతవరకు నాకు తేలికగానే ఉంది. అప్పుడు ఆమె నిదానంగా చెప్పింది. మొన్నటిదాకా జీతంతో పాటు తిండి డబ్బు విడిగా ఇచ్చేవారట. కూపన్లు వస్తున్నాయి కదా అని ఆ నెల నుంచి అది ఆపేశారట. అడిగినవాళ్ళతో, కూపన్ కూడా వద్దా అన్నారట. ఈ దేశంలో ఉండటానికి కావలసిన అనుమతి, ఇఖామా, వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఎవరూ రెండోసారి అడగలేదు.

“షాపోళ్లు పెట్టాల్సిన కూడు బయటోళ్లు పెడతాండారు. అది గూడా మేము వీళ్ల దగ్గరే కొనాల. థాంక్స్ చెప్పొద్దనడం లేదు నేను. ఎవురికి చెప్తాండావో తెలుసుకోని చెప్పు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నను అడిగాను. ఆయన ముద్దను పళ్ళెంలో పెట్టేశారు. పేర్లు రాయమన్నారు, రాశాను, ఆకలితో ఉన్నవాళ్ళకే కదా అనుకున్నాను అన్నారు. ఆ తర్వాత ఆయన సరిగ్గా తినలేదు. నాకు నిద్ర పట్టలేదు.

సభలో మైకు ముందు నిలబడ్డాక, రాసిచ్చిన మొదటి వాక్యమే నోటికి రాలేదు. పెట్టెలో డబ్బు వేసిన అందరికీ షుక్రన్ అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేక, పనివాళ్ళకు ఆపేసిన తిండి డబ్బు మళ్ళీ ఇవ్వండి అని హిందీలో అనేశాను. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి. పెట్టెలో డబ్బు వేసినవాళ్ళలో ఒకరు, ముందు వరుసలో ఉన్న ఒక కువైతీ పెద్దావిడ, నేనేమన్నానో పక్కనున్నవాళ్ళతో చెప్పించుకుంది.

సభ అయ్యాక మేనేజరు నాన్నను పక్కకు పిలిచి, పిల్లకు ఇదంతా ఎవరు నేర్పారని అడిగాడు. నేను నాన్న చేయి పట్టుకుని ఉన్నాను. కాస్త దూరంలో గోడకు ఆనుకుని అక్క నిలబడి ఉంది. ఆమె వైపు చూడకూడదని నాకు ఎందుకో తెలిసింది. నాన్న కూడా చూడలేదు. తానే నేర్పానని చెప్పారు.

ఆ పెద్దావిడ ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగిందట. మరుసటి నెలలో తిండి డబ్బు తిరిగి ఇచ్చారు. నాన్నను మాత్రం సూపర్‌వైజరు పనిలోంచి తీసి గోడౌనుకు పంపారు. జీతమూ తగ్గింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. తప్పు చేశానో లేదో నాకే తెలియలేదు. తిండి డబ్బు చేతికొచ్చిన రోజు అక్క మా ఇంటికి వచ్చింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి కెలికింది. గోదావరి మనిషి కావడంతో నాన్న అంతకుముందు ఎప్పుడూ అది ముట్టలేదు. ఆ రోజు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. నాన్న లేరు. నేను ఇంకా కువైట్‌లోనే, మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. రంజాన్‌లో ఏ షాపుకు వెళ్ళినా పెట్టెలో డబ్బు వేస్తాను కానీ, వెంటనే బయటికి రాలేను. మీకు తిండి డబ్బు ఇస్తున్నారా అని కౌంటరులో ఉన్నవాళ్ళను అడుగుతాను. కొందరు నవ్వేస్తారు. కొందరు చుట్టూ చూస్తారు. పోయిన రంజాన్‌లో ఒక నేపాలీ అమ్మాయి లేదని తల ఊపింది. నేను మేనేజరు గదికి వెళ్ళాను. ఎవరు చెప్పారని ఆయన అడిగాడు. నేనే కనుక్కున్నానని చెప్పాను. ఇంకా ఏమీ తేలలేదు. రేపు మళ్ళీ వెళ్తున్నాను.