మేము పీకేసిన వేరుశనగ మొక్కలు

1968 ఆగస్టు 12, సోమవారం, ఉదయం ఏడు గంటలు. మార్కాపురానికి పడమరగా ఉన్న మా చేనులో నాయన ఒక వేరుశనగ మొక్కను వంచి నాకు చూపించారు. లేత ఆకుల మీద పసుపు వలయాలు ఉన్నాయి. మొవ్వు మాడి నల్లబడింది.

“ఏందబ్బయ్యా ఇది? వాన లేక ఎండినట్ల లేదే?”

మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. వ్యవసాయ కళాశాల నుంచి వచ్చి మూడు నెలలైనా కాలేదు. ఏడెనిమిది వేరుశనగ సాళ్ళకు ఒక సజ్జ సాలు వేయడం, గింజ ఒత్తుగా పోయడం మా ఇంటి పద్ధతి. సజ్జ నేల సారాన్ని పంచుకుంటుంది కాబట్టి వద్దని, మొక్కల మధ్య ఎడం ఉండాలని ఆ ఏడు నేనే చెప్పాను. నాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఇంట్లో దాచిన విత్తనమంతా ఆ చేనులోనే పడింది. అది పండకపోతే మరుసటి ఏటికి విత్తనం లేదు.

ఇది వైరస్ తెగులనీ, మందు లేదనీ, జబ్బు మొక్కలను పీకి తగలబెట్టాలనీ చెప్పాను. కలుపు తీస్తున్న మా మేనత్త నడుం నిమిరుకుంటూ లేచింది.

“నిన్నటిదాకా గడ్డి పీకమంటివి, ఇయ్యాల చెట్టే పీకమంటివి. రేపు చేన్లో మనమే మిగుల్తామేమో అల్లుడా!”

అందరూ నవ్వారు. నాయన మాత్రం వంగి మొదటి మొక్కను పీకారు.

గట్టు అవతల పెదనాయన చేనులో సజ్జ అప్పటికే నడుమెత్తు లేచింది. “మా దాంట్లోనూ ఉండాయిలేరా మాడు చెట్లు. పీకితే సందు పడతది, ఉండనీ” అన్నారు. నేను ఆయనకు వైరస్ గురించి వివరించాను. ఆయన ఓపికగా విన్నారు.

వారం వారం పీకాము. ప్రతి ఖాళీ చుట్టూ మరికొన్ని మొవ్వులు మాడాయి. ఈ తెగులును మోసే తామర పురుగులు గాలివాటున వచ్చి పలచని చేనులో సులువుగా వాలతాయనీ, ఎత్తుగా పెరిగిన సజ్జ వాటిని కొంత అడ్డుకుంటుందనీ చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను. అప్పుడు నాకు తెలిసిందల్లా పీకడమే.

దసరా దాటాక కాయ తీశాము. నాయన ఒక కాయ ఒలిచి, ముడతలు పడి మచ్చలు తేలిన గింజలను అరచేతిలో పెట్టి చూపించారు.

“ఇది ఇత్తనానికి పనికొస్తదా?”

“రాదు నాయనా.”

పెదనాయనకు సగం పంట దక్కింది. విత్తనం కోసం నాయన గట్టు దాటి ఆయన దగ్గరికి వెళ్ళారు. నన్ను వెంట రమ్మనలేదు.

మరుసటి ఏటి నుంచి మా చేనులో సజ్జ సాళ్ళు మళ్ళీ లేచాయి, గింజ ఒత్తుగా పడింది, మాడిన మొక్కలను పీకడం మానేశాము. తెగులు పూర్తిగా పోలేదు గాని చేను నిలిచింది. సేద్యం గురించి నాయన నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు.